నవంబరు మొదటి వారం: డెల్టాలో పునీతుల స్మరణ

ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండు పాయలవుతుంది. సముద్రం వైపు తిరిగి నిలబడితే ఎడమకు గౌతమి, కుడికి వశిష్ఠ. ఆ రెంటి నడుమ, కోనసీమ గుమ్మంలో ఉంది ఆత్రేయపురం. ఊరి పేరు వినగానే ఎవరికైనా పూతరేకులు గుర్తుకొస్తాయి. మండలంలో వాడపల్లి వెంకన్న, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి కొలువై ఉన్నారు. లొల్ల లాకులూ ఇక్కడివే. పేటల్లో చర్చిలూ ఉన్నాయి, కానీ ఆత్రేయపురం గురించి రాసేవాళ్లు వాటి దాకా రావడం అరుదు.

ఈ ఊరిని నడిమధ్యలో పెట్టి చూస్తే డెల్టా క్రైస్తవమంతా చుట్టూ కనిపిస్తుంది. ఎగువన రాజమండ్రి లూథరన్ మిషన్. వశిష్ఠ వెంట కిందికి పోతే బ్రదరన్ సంఘాలకు పుట్టిల్లయిన నరసాపురం. గౌతమి వెంట పోతే ఫ్రెంచివాళ్ల కాలం నాటి క్యాథలిక్ చర్చి ఉన్న యానాం. ఏరు దాటి పడమటికి, కొవ్వూరు మీదుగా వెళితే గౌరీపట్నం నిర్మలగిరి. ఇంత దగ్గరగా ఉన్న ఈ సంఘాలు ఒక్క విషయంలో మాత్రం బాగా ఎడంగా ఉన్నాయి. ప్రభువునందు నిద్రించిన భక్తులను ఎలా తలుచుకోవాలన్నదే ఆ విషయం. ఒకరికి పునీతుల పట్టిక ఉంది, పండుగ తేదీలున్నాయి, ఊరేగింపులున్నాయి. ఒకరికి తేదీలున్నాయి గానీ మొక్కులు లేవు. ఇంకొకరికి అసలు తేదీలే లేవు.

ఈ మూడు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటి మధ్య ఉన్న తేడా కన్నా అందరిలోనూ ఉన్న ఒక లోటు పెద్దదిగా కనిపిస్తుంది. బయటి నుంచి ఈ గడ్డకు వచ్చినవాళ్ల పేర్లకు తేదీలు దొరికాయి. ఇక్కడే పుట్టి, ఇక్కడే విశ్వసించి, ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ల పేర్లు మాత్రం ఏ పట్టికలోకీ ఎక్కలేదు. ఆ లోటు తీర్చడానికి క్రైస్తవ సంప్రదాయంలోనే ఒక రోజు సిద్ధంగా ఉంది. అది నవంబరు 1.

తేదీలు ఎలా ఏర్పడ్డాయి

పునీతుల పండుగలు ఏ అధికారి ఆజ్ఞతోనో మొదలు కాలేదు. రెండో శతాబ్దం నడుమ, స్ముర్నా పట్టణంలో పొలికార్పు అనే వృద్ధ బిషప్పును విశ్వాసం విడవనందుకు చంపారు. ఆ ఊరి క్రైస్తవులు ఆయన ఎముకలు ఏరి పాతిపెట్టి, ఏటా అదే రోజున అక్కడ చేరాలనుకున్నారు. ఆయన చనిపోయిన రోజును ఆయన పుట్టినరోజుగా లెక్క వేసుకున్నారు. పరలోకంలో పుట్టిన రోజు అన్నమాట. నేటికీ ఎక్కువమంది పునీతుల పండుగ వాళ్లు కన్నుమూసిన తేదీనే వస్తుంది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. త్యాగరాజస్వామి ఆరాధన జరిగేది ఆయన సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి నాడే.

హతసాక్షుల సంఖ్య పెరిగేసరికి ఏడాదిలోని రోజులు చాలలేదు. పేరు కూడా తెలియకుండా పోయినవాళ్లు లెక్కకు మిక్కిలి. అందరికీ కలిపి ఒక రోజు ఉండాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. 609 మే 13న నాలుగో బోనిఫేసు పోపు రోములోని పాంథియన్ గుడిని మరియమాతకూ సకల హతసాక్షులకూ అంకితం చేశాడు. ఎనిమిదో శతాబ్దంలో మూడో గ్రెగరీ పోపు సెయింట్ పీటర్స్ చర్చిలో సకల పునీతుల పేర ఒక ప్రార్థనాలయం కట్టించాడు. నవంబరు 1 అనే తేదీ అక్కడి నుంచి ఊపందుకుంది. 835 ప్రాంతంలో నాలుగో గ్రెగరీ కాలానికి అది పశ్చిమ యూరప్ అంతటికీ పండుగైంది. క్లూనీ మఠాధిపతి ఓడిలో, వెయ్యో సంవత్సరానికి కాస్త ముందు, నవంబరు 2ను చనిపోయిన విశ్వాసులందరి కోసం ప్రార్థించే రోజుగా తన మఠాలలో పెట్టాడు. అదీ లోకమంతా పాకింది.

తూర్పు సంఘాలవారు సకల పునీతుల పండుగను పెంతెకొస్తు తరవాతి ఆదివారం చేసుకుంటారు. తేదీ మారినా భావం మారదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఫలానావాడు పునీతుడని నిర్ణయించే అధికారం కూడా మొదట్లో స్థానిక ప్రజలదీ బిషప్పుదీ. పోపు స్వయంగా ప్రకటించిన మొదటి పునీతుడు ఆగ్స్‌బర్గ్ బిషప్పు ఉల్రిక్, అదీ 993లో. అంటే దాదాపు వెయ్యేళ్ల పాటు పునీతులను గుర్తించింది వాళ్లతో కలిసి బతికిన ఊళ్లే. ఈ సంగతి మన చర్చకు చాలా ముఖ్యం.

క్యాథలిక్ పట్టిక: మరియమాత వైభవం, ఒక దైవసేవకుడు

డెల్టా క్యాథలిక్కుల ఏడాదిని చూస్తే మరియమాత పేరే ఎక్కువగా వినిపిస్తుంది. మార్చి 25 మంగళవార్త పండుగ. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన రోజు. ఆ తేదీకి గౌరీపట్నం నిర్మలగిరి కొండ జనంతో నిండిపోతుంది. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత ఉత్సవాలకు గోదావరి జిల్లాల నుంచి బస్సులు, రైళ్లు కిక్కిరిసి వెళతాయి. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మొదలైన భక్తి, 1924లో ఫాదర్ అర్లాటి బెజవాడ గుణదల కొండపై ప్రతిష్ఠించిన స్వరూపంతో తెలుగువాళ్ల సొంతమైంది. అక్కడ తలనీలాలిచ్చేవాళ్లలో, కొబ్బరికాయలు కొట్టేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ చాలామంది. సెప్టెంబరు 8 మరియమాత పుట్టినరోజు, వేళాంగణి ఆరోగ్యమాత పండుగ కూడా అదే రోజు. యానాంలో పంతొమ్మిదో శతాబ్దం నడుమ పూర్తయిన చర్చి మరియమ్మ తల్లి అన్నమ్మ పేర ఉంది. ఆమె పండుగ జూలై 26.

తక్కినవాళ్లలో పాదువా అంతోనివారికి జూన్ 13న మొక్కులు చెల్లుతాయి. భారతదేశానికి అపొస్తలుడిగా చెప్పుకునే తోమాసు పండుగ జూలై 3న. 1969లో రోము పంచాంగాన్ని సవరించినప్పుడు డిసెంబరు 21 నుంచి ఆ తేదీకి మార్చారు. అదే సవరణలో, చరిత్ర ఆధారం బలంగా లేని పలువురి పేర్లను లోకమంతా పాటించే పట్టిక నుంచి తగ్గించి, స్థానిక సంఘాలు తమ పునీతులను తామే తలుచుకోవడానికి చోటిచ్చారు.

ఆ చోటులో తెలుగువాళ్లు ఎవరిని పెట్టుకున్నారు? ఇప్పటిదాకా రోము ప్రకటించిన తెలుగు పునీతుడు ఒక్కరూ లేరు. కేరళకు అల్ఫోన్సమ్మ ఉంది, చావర కురియాకోస్ ఉన్నాడు. కన్యాకుమారి సీమకు 2022లో పునీతుడైన దేవసహాయం ఉన్నాడు. ఆయన గురువు కాదు, సంసారి. తెలుగునాట ఆ దారిలో ముందున్నది బ్రదర్ జోసఫ్ తంబి. ఆయనా గురువు కాదు. ఫ్రాన్సిస్ అస్సీసి మూడో సభకు చెందిన సన్యాసి. కృష్ణా జిల్లా పెద్దావుటపల్లిలో ఉంటూ, పేదల మధ్య తిరుగుతూ బతికాడు. 1945 జనవరి 15న కన్నుమూశాడు. ఆయన్ని దైవసేవకుడిగా గుర్తించారు. దాని తరవాత గౌరవనీయుడు, ధన్యుడు, పునీతుడు అనే మెట్లున్నాయి. ఏటా సంక్రాంతి రోజుల్లోనే పెద్దావుటపల్లి సమాధి దగ్గర ఉత్సవాలు జరుగుతాయి. రోము ముద్ర పడక ముందే జనం ఆయన్ని తలకెత్తుకున్నారు. తొలినాటి పద్ధతి ఇంకా బతికే ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అయితే తంబిగారు పుట్టింది తెలుగునాట కాదు. ఆయన మన మధ్యకు వచ్చినవాడు.

లూథరన్ పట్టిక: నవంబరు 7

పునీతులకూ లూథరన్లకూ పొత్తు లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ తన వాదాలను ముందుకు తెచ్చినప్పుడు మర్నాడు సకల పునీతుల పండుగ. విట్టెన్‌బర్గ్ కోట చర్చిలో ఆ రోజున పునీతుల అస్థికలు, అవశేషాలు జనానికి చూపేవారు. వాటిని చూస్తే పాపశిక్ష తగ్గుతుందన్న నమ్మకాన్నే లూథర్ ప్రశ్నించాడు. పునీతులను మరిచిపొమ్మని మాత్రం ఆయన అనలేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 21వ అధికరణం ఈ విషయంలో తేటగా ఉంది. పునీతులను జ్ఞాపకం చేసుకోవచ్చు, వాళ్ల విశ్వాసాన్ని చూసి నేర్చుకోవచ్చు. వాళ్లను వేడుకోవడం మాత్రం లేఖనంలో లేదు. మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే.

ఈ సూత్రం మీదే అమెరికా లూథరన్లు తమ స్మరణ పంచాంగం తయారు చేసుకున్నారు. 1978లో అచ్చయిన వాళ్ల ఆరాధన పుస్తకంలో నవంబరు 7 తేదీకి జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ పేరుంది. 2006 నాటి పుస్తకంలో అదే తేదీకి మరో ఇద్దరు చేరారు. తరంగంబాడిలో 1706లో దిగి తమిళంలోకి కొత్త నిబంధనను తెచ్చిన బర్తలోమాయ జీగెన్‌బాల్గ్ ఒకడు. సుమత్రాలో బటక్ జనం మధ్య పనిచేసి 1918లో కన్నుమూసిన లుడ్విగ్ నోమెన్సెన్ ఒకడు. ఈ ముగ్గురిలో నవంబరు 7న చనిపోయినవాడు హయ్యరే. అంటే ఆ తేదీ మన ఫాదర్ హయ్యర్‌ది. తక్కిన ఇద్దరూ ఆయన పక్కన చేరారు. క్యాథలిక్ పంచాంగంలో కూడా అదే రోజున ఒక మిషనరీ ఉన్నాడు. 739లో కన్నుమూసిన విల్లిబ్రోర్డ్, ఫ్రీజియన్ల బోధకుడు.

తెలుగునాట హయ్యర్ కథ గుంటూరుతో మొదలై రాజమండ్రిలో ముగుస్తుంది. ఆయన 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెడ్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే అమెరికా చేరి పాస్టరయ్యాడు. నలభై తొమ్మిదో ఏట, 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. మధ్యలో వెనక్కి వెళ్లి వైద్యం చదివి, డాక్టరై మళ్లీ వచ్చాడు. పల్నాడులో తిరిగాడు. ముసలితనం వచ్చిందని 1857లో అమెరికా వెళ్లిపోయాడు. కథ అక్కడితో ముగిసిందనే అందరూ అనుకున్నారు.

రాజమండ్రిలో 1840ల నడుమ జర్మన్ మిషనరీ వాలెట్ మొదలుపెట్టిన పని అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. అంతర్యుద్ధం తరవాత వాళ్ల దగ్గర డబ్బు లేదు, మనుషులు లేరు. 1869లో ఆ మిషన్‌ను ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించడానికి సిద్ధపడ్డారు. అప్పుడు డెబ్భై ఆరేళ్ల హయ్యర్ పెన్సిల్వేనియా సంఘ సభ ముందుకొచ్చి, ఎవరూ లేకపోతే తానే వెళతానన్నాడు. ఆ ఏడాది డిసెంబరుకల్లా రాజమండ్రిలో ఉన్నాడు. ఏడాది పైచిలుకు పనిచేసి, వెనక వచ్చిన యువకులకు అప్పగించి, తిరిగి వెళ్లి 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు. ఆయన ఆ రోజు లేచి నిలబడకపోతే గోదావరి జిల్లాల లూథరన్ చరిత్ర మరోలా ఉండేది.

అమెరికావాళ్లు ఆయన చనిపోయిన నవంబరు 7ను పెట్టుకుంటే, ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం వారు ఆయన గుంటూరు చేరిన జూలై 31ని ఫాదర్ హయ్యర్ దినంగా చేసుకుంటారు. ఇద్దరిదీ న్యాయమే. సాగనంపినవాళ్లకు ఆయన చివరి రోజు ముఖ్యం, ఎదురేగినవాళ్లకు మొదటి రోజు ముఖ్యం.

ఆంగ్లికన్ పంచాంగంలోనూ తెలుగుదేశంతో ముడిపడిన పేరొకటుంది. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పై దోర్నకల్ మేత్రాసనం నడిపిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1945 జనవరి 1న కన్నుమూశాడు. ఇంగ్లండు సంఘం ఆయన్ని జనవరి 2న తలుచుకుంటుంది. పుట్టింది తిరునెల్వేలి సీమలో. అంటే 1945 జనవరిలో రెండు వారాల తేడాతో తెలుగునాట కన్నుమూసిన ఇద్దరు, తంబి, అజరయ్య, తరవాతి కాలంలో స్మరణకు నోచుకున్నారు. ఇద్దరూ బయట పుట్టి ఇక్కడ ప్రాణం పెట్టినవాళ్లే.

బ్రదరన్ దారి: పట్టిక లేదు, పాట ఉంది

నరసాపురం వైపు సంగతి వేరు. ఎక్సెటర్‌లో పళ్ల వైద్యుడిగా ఉన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఆస్తిపాస్తులు వదులుకుని బాగ్దాదు వెళ్లి, అక్కడి నుంచి భారతదేశం వచ్చాడు. ఆయన పిలుపుతో 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు బయలుదేరి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో వాళ్లు వేసిన విత్తనం నుంచే గోదావరి డెల్టా మిషన్ పుట్టింది. సంఘపు జీతం లేదు, బిషప్పులు లేరు, పంచాంగం లేదు. క్రీస్తును నమ్మిన ప్రతివాడూ పరిశుద్ధుడే అయినప్పుడు కొందరికి మాత్రం పండుగ ఎందుకన్నది వాళ్ల వాదం. ప్రతి ఆదివారం రొట్టె విరుచు ఆరాధనే వాళ్లకు అతి పెద్ద స్మరణ. ఆ స్మరణ ప్రభువుది, మనుషులది కాదు.

ఈ వాదంలో బలముంది. పునీతుల పేర జరిగే మొక్కుబళ్లు క్రీస్తును మరుగున పడేస్తాయన్న భయం ఊహ కాదు. అయినా ఒక విషయం గమనించాలి. బ్రదరన్ ఇళ్లలోనే గానీ, పెంతెకొస్తు ఇళ్లలోనే గానీ ఎవరైనా పోతే ఆదరణ కూడిక పెడతారు. ఏడాది తిరిగేసరికి జ్ఞాపకార్థ కూడిక. పోయినవాళ్ల ఫొటోకు దండ, నాలుగు పాటలు, ఒక వాక్యం, ఊరందరికీ భోజనం. పోయిన మనిషి ఎలా బతికాడో ఒక పెద్దాయన లేచి చెబుతాడు. అక్కడ కూర్చున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. సిద్ధాంతంలో లేని స్మరణ జీవితంలో ఉంది. అయితే అది ఇంటి గడప దాటదు. మనవల తరం వచ్చేసరికి ఆగిపోతుంది.

ఇంకొక స్మరణ మాత్రం అన్ని సంఘాల గోడలనూ దాటింది. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890లో కన్నుమూశాడు. ఆయన రాసిన కీర్తనలు లూథరన్ ఆలయంలోనూ బ్రదరన్ కూడికలోనూ ఒకే రాగంలో వినిపిస్తాయి. ఆయనకు పండుగ తేదీ లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పక్కన ఉన్న పేరే ఆయనకు గుర్తింపు. పేరు అచ్చులో ఉండబట్టే ఆయన మిగిలాడు. ఆయన కాలంలోనే పాటలు కట్టి, అచ్చెక్కకుండా పోయినవాళ్ల సంగతి ఏమిటి?

సంఘం బయట ఒక తేదీ

అదే 1803లో, మే 15న పుట్టాడు ఆర్థర్ కాటన్. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. ఏటా ఆయన పుట్టినరోజున గోదావరి జిల్లాల్లో రైతులు ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. గోదావరి స్నానపు సంకల్పంలో ఆయన్ని తలుచుకునే శ్లోకముందని పెద్దలు చెప్పుకుంటారు. లొల్ల లాకుల దగ్గర కాలువలుగా విడిపోయి కోనసీమ పొలాలకు పారే నీళ్లను రోజూ చూసే ఆత్రేయపురం మనిషికి ఆ కృతజ్ఞత ఎందుకో చెప్పనక్కరలేదు. కాటన్ భక్తిపరుడైన క్రైస్తవుడు. అయినా ఆయనకు తేదీ ఇచ్చింది చర్చి కాదు. మేలు పొందిన జనం ఇచ్చారు. కృతజ్ఞత ఉన్నచోట స్మరణకు ఎవరి అనుమతీ అక్కరలేదని డెల్టా రైతులు చూపించారు.

అయితే కాటన్ పేరు రాతి మీద ఉంది. ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు లేవు. మన క్రైస్తవ స్మరణలోనూ ఇదే జరిగింది.

పట్టికలో లేనివాళ్లు

డెల్టాలో సువార్తను ఊరూరా మోసింది విదేశీ దొరలు కాదు. వాళ్లు పది మందో ఇరవై మందో. పేట నుంచి పేటకు గట్ల మీద నడిచి, రాత్రి బడి పెట్టి, పిల్లలకు అక్షరాలు దిద్దించింది ఉపదేశులు. పరదాల వెనక ఉన్న స్త్రీలకు చదువు చెప్పి, ప్రసవాలకు తోడుండి, రోగుల తల నిమిరింది బైబిల్ స్త్రీలు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్‌నూ, రాజమండ్రిలో డాక్టర్ లిడియా వోర్నర్‌నూ చరిత్ర గుర్తుపెట్టుకుంది. సరైన పనే చేసింది. కానీ ఆ డాక్టరమ్మలను ఇంట్లోకి రానివ్వడానికి ముందు గడపలో కూర్చుని నమ్మకం సంపాదించిన తెలుగు స్త్రీల పేర్లు ఎన్ని తెలుసు? రాజమండ్రి మిషన్ మొదటి తరం తెలుగు గురువులలో నేలప్రోలు పౌలసు, తోట జోసఫ్ పేర్లు మిషన్ చరిత్రలో కనిపిస్తాయి. వాళ్ల పక్కన పనిచేసినవాళ్లు ‘ఒక ఉపదేశి’, ‘ఒక స్థానిక సహాయకుడు’గానే మిగిలారు.

ఈ మరుపుకు కారణాలున్నాయి. తొలి క్రైస్తవుల్లో అత్యధికులు మాల మాదిగ పేటలవాళ్లు. అక్షరం అందనివ్వని కాలంలో వాళ్ల చరిత్ర రాసేదెవరు? రెండో కారణం చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు నేటికీ లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. దాంతో చాలా కుటుంబాలు చర్చి రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి వెనకాడతాయి. ఆదివారం పాట పాడే మనిషి కాగితం మీద కనిపించడు. బతికుండగానే పేరు దాచుకోవలసి వచ్చినవాళ్లకు చనిపోయాక స్మరణ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ అన్యాయం న్యాయస్థానాల్లోనూ చట్టసభల్లోనూ తేలాల్సిందే. పేరును గౌరవంగా గుర్తుపెట్టుకునే పని మాత్రం సంఘం చేతిలోనే ఉంది.

మూడో కారణం నీరు. పేటలకు శ్మశానాలు దక్కింది చాలాచోట్ల ఏటిగట్టు పక్కనా కాలువ ఒడ్డునా. 1986 ఆగస్టు వరద లాంటివి వచ్చినప్పుడు కొట్టుకుపోయేది మొదట అవే.

నవంబరు 2 సాయంత్రం, సమాధుల పండుగ నాడు, డెల్టాలో ఏదైనా క్యాథలిక్ శ్మశానానికి వెళ్లి చూడండి. నాలుగు రోజుల ముందే గడ్డి కోసి ఉంటారు. సున్నం వేసిన సమాధులు తెల్లగా మెరుస్తుంటాయి. కడియపులంక నుంచి వచ్చిన బంతిపూల దండలు సిలువల మీద వేలాడుతుంటాయి. ఫాదర్ గారు తీర్థం చిలకరిస్తూ వరసల మధ్య నడుస్తారు, పిల్లలు కొవ్వొత్తులు ఆరిపోకుండా అరచేతులు అడ్డం పెడతారు. దగ్గరికి వెళ్లి రాళ్లు చదవండి. కొన్నిటి మీద గ్రానైటు పలక, ఫొటో, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ. వాటి వెనక సిమెంటు మీద మేకుతో గీసిన అక్షరాలు, సగం చెరిగినవి. ఇంకా వెనక ఒట్టి మట్టి దిబ్బలు. ఒక ముసలామె అలాంటి దిబ్బ మీద కొవ్వొత్తి పెడుతుంది. అక్కడ ఎవరున్నారో ఆమెకు తెలుసు. ఆమె తరవాత ఎవరికీ తెలియదు.

ఈ వారానికి కోనసీమలో ఇంకొక గాయం కూడా ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, ఎన్నో కుటుంబాలకు పాతిపెట్టడానికి శవం కూడా దొరకలేదు. పోయినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. సకల పునీతులు, సకల ఆత్మలు, కోనసీమ తుఫాను, హయ్యర్ స్మరణ, అన్నీ ఒక్క వారంలో పడ్డాయి. కోనసీమ సంఘాలకు నవంబరు మొదటి వారం కన్నా తగిన స్మరణ కాలం ఇంకొకటి లేదు.

చేయవలసిన పని

పేర్లు రాయాలి. నా మాట ఇదొక్కటే. ప్రతి చర్చిలో ఒక స్మరణ పుస్తకం ఉండాలి. అందులో మనిషి పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు, చేసిన పని, కన్నుమూసిన తేదీ, ఆ మనిషి విశ్వాసాన్ని చూపే రెండు వాక్యాలు ఉండాలి. స్త్రీలను ఫలానావారి భార్య అని కాక, వాళ్ల సొంత పేరుతో రాయాలి. ఏటా నవంబరు 1న, లేదా ఆ తరవాతి ఆదివారం, పేర్లు గట్టిగా చదవాలి. చాలా దేశాల లూథరన్ సంఘాలు ఆ ఏడాది నిద్రించినవాళ్ల పేర్లు సకల పరిశుద్ధుల ఆదివారం నాడు చదువుతాయి. మధ్యయుగపు మఠాలు ఏ రోజున ఎవరిని తలుచుకోవాలో పుస్తకంలో రాసుకుని శతాబ్దాల పాటు చదివాయి. క్లూనీ మఠం ఆ పనిలోనే పేరు తెచ్చుకుంది. మనం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. ఇది మృతులను పూజించే దారికి తీసుకుపోదా అని బ్రదరన్ సహోదరులు అడుగుతారు. రోమీయులకు రాసిన పత్రిక పదహారో అధ్యాయం చూడమని వాళ్లకు వినయంగా చెప్పాలి. గొప్ప సిద్ధాంత గ్రంథం ముగింపులో పౌలు ఇరవై మందికి పైగా పేర్లు రాశాడు. ఫీబే, ప్రిస్కిల్ల, పెర్సిసు, యూనియ. ప్రయాసపడ్డారనీ, ఇంట్లో సంఘాన్ని చేర్చుకున్నారనీ, తనకు తల్లిలా ఉన్నారనీ ఒక్కొక్కరి గురించి ఒక్క మాట. అక్కడ పూజ లేదు, కృతజ్ఞత ఉంది. హెబ్రీయుల పత్రిక పదకొండో అధ్యాయం అంతా పోయినవాళ్ల విశ్వాసపు జాబితాయే. పేర్లు చదవడం లేఖన విరుద్ధమైతే ఆ అధ్యాయాలు ఉండేవి కావు.

రెండో అభ్యంతరం క్యాథలిక్కుల వైపు నుంచి రావచ్చు. పునీతుడని ప్రకటించడానికి ఒక విచారణ ఉంది కదా, మనమే ఎలా నిర్ణయిస్తాం? నిర్ణయించనక్కరలేదు. నవంబరు 1 పండుగ పుట్టిందే ఆ విచారణకు అందని జనం కోసం. సంఘం రాసిపెట్టుకున్న జ్ఞాపకం రేపు ఏ విచారణకైనా మొదటి ఆధారమవుతుంది. తంబిగారి విషయంలో దారి తీసింది కూడా ఆయన్ని కళ్లారా చూసిన జనం దాచుకున్న జ్ఞాపకమే. రాసి లేని జ్ఞాపకాన్ని ఏ రోమూ పరిశీలించలేదు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండ మీద రేకు తీసే ఆడవాళ్ల నైపుణ్యానికి తరాల తరవాత ఒక కాగితం దొరికింది. పేటల చర్చిలు నిలబెట్టిన తల్లులకు అలాంటి కాగితం ఇచ్చే ప్రభుత్వ శాఖ ఏదీ లేదు. ఆ పని వాళ్ల సంఘమే చేయాలి, అదీ తొందరగా. తొలి తరం ఉపదేశులను చూసినవాళ్లు పోయారు. వాళ్ల కథలు విన్నవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. యువజన సంఘాల పిల్లల చేతిలో ఫోనుంది. అందులో ఆ పెద్దల మాటలు రికార్డు చేయవచ్చు, బాప్తిస్మపు రిజిస్టర్లను చెదలు తినకముందే ఫొటోలు తీయవచ్చు. దీనికి నిధులు అక్కరలేదు, కమిటీ అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, వినే ఓపిక ఉంటే చాలు.

హయ్యర్‌కు నవంబరు 7 ఉంది, తంబికి జనవరి 15 ఉంది, అజరయ్యకు జనవరి 2 ఉంది. వాళ్లకు ఆ తేదీలు తగును. వాళ్లు పిలిస్తే వచ్చి, వాళ్లు వెళ్లిపోయాక కూడా నిలబడి, ఈ డెల్టాలో విశ్వాసాన్ని నిలిపినవాళ్లకు నవంబరు 1 తగును. క్యాథలిక్ చర్చి అయినా, లూథరన్ సంఘమైనా, బ్రదరన్ కూడికైనా, ఈసారి ఆ రోజున చదవడానికి కనీసం పది పేర్లు సిద్ధం చేసుకోవాలి.